మొక్కల శబ్దాల పరిశోధనను సామాన్య పాఠకులకు ఎలా పరిచయం చేయాలి?

పత్రహరితం (ప్రశ్న):
వృక్షశాస్త్రంలో కొత్తగా వెలువడుతున్న పరిశోధనల గురించి సామాన్య పాఠకుల కోసం చిన్న వ్యాసాలు రాస్తుంటాను. నీరందని మొక్కలు మన చెవికి వినబడని శబ్దాలు చేస్తాయంటూ 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రచురించిన పత్రం గురించి ఇప్పుడు రాయాలనుకుంటున్నాను. అప్పట్లో పలు వార్తలు మొక్కలు కేకలు పెడుతున్నాయని చెప్పాయి. ఆ ధోరణిలో రాస్తే చదివేవారు ఎక్కువే కానీ మనసొప్పడం లేదు. లేనిది కల్పించకుండా, ఆసక్తి చెడకుండా ఎలా రాయాలో అనుభవజ్ఞులు సూచించగలరు.

దారునాళం:
ప్రయోగాన్నే కథగా చెప్పండి, అందులోనే కావలసినంత ఆసక్తి ఉంది. టమాటా, పొగాకు మొక్కల పక్కన మైకులు అమర్చి రికార్డు చేస్తే, నీరందని మొక్కలూ కాండం తెగిన మొక్కలూ గంటకు సుమారు 30 నుంచి 50 దాకా చిటుకుమనే శబ్దాలు చేశాయి. ఏ ఇబ్బందీ లేని మొక్కల విషయంలో ఆ సగటు గంటకు ఒకటి కంటే తక్కువ. ఆ శబ్దాల పౌనఃపున్యం 40 నుంచి 80 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంది, మనకు 20 దాటితే వినబడదు. మొక్క లేని మట్టి కుండీని కూడా విడిగా పెట్టి విన్నారు. అక్కడ ఏమీ వినబడలేదు. ఈ కుండీ సంగతి మాత్రం వదిలేయకండి, ఎందుకంటే శబ్దం మట్టిది కాదు, మొక్కదేనని నమ్మడానికి ఆధారం అదే. మట్టి ఎండేకొద్దీ కాండంలోని నీటి స్తంభంపై లాగుడు పెరిగి, నీటిని పైకి మోసే దారునాళాల్లో బుడగలు ఏర్పడి పగలడమే కారణం కావచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. "కావచ్చు" అన్న మాటను కత్తిరించకుండా రాయగలిగితే చాలు.

పత్రహరితం:
ధన్యవాదాలండీ. అయినా "మరి మొక్కకు నొప్పి తెలుస్తుందా?" అని పాఠకులు తప్పక అడుగుతారు. ఏమని చెప్పాలి?

వెలుగురేఖ:
గాయాన్ని గుర్తించడం వేరు, నొప్పిని అనుభవించడం వేరు అని చెప్పి, మొదటిదాన్ని చూపించండి. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో, కాల్షియం పెరిగినచోట వెలిగే ప్రోటీన్‌ను, ప్రయోగశాలల్లో తరచూ వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చేర్చి, గొంగళిపురుగు ఆకును కొరుకుతుండగా చిత్రీకరించారు. కొరికిన చోట మొదలైన వెలుగు సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు వేగంతో దూరపు ఆకులకు పాకింది, ఆ ఆకులు రక్షణకు సిద్ధమయ్యాయి. ఈ సంకేతాన్ని రేపేది గ్లూటమేట్ అనే రసాయనం. మన మెదడులోనూ అది సంకేతవాహకమే కనుక ఇక్కడే చాలామంది కాలు జారుతుంటారు. మొక్కలో నాడీకణాలూ లేవు, మెదడూ లేదు.

శిలీంద్రం:
ఒకే పత్రం మీద వ్యాసం మొత్తం నిలబెట్టకండి. చెట్ల మధ్య శిలీంద్రాల ద్వారా కార్బన్ మార్పిడి జరుగుతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పత్రం జనంలోకి వచ్చేసరికి తల్లిచెట్టు పిల్లచెట్లను సాకుతుందన్నంత దూరం వెళ్లింది. అలాంటి వాదనలకు అడవుల్లో లభించిన ఆధారాలు చాలవని 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలు సమీక్ష రాశారు. వారిలో మెలనీ జోన్స్ ఆ 1997 పత్రానికి కూడా సహరచయితే. మీ శబ్దాల విషయంలోనూ తర్వాతి అధ్యాయం వచ్చింది. తడి ఆరని రెండు మొక్కల్లో ఒకదాని పక్క ఎండుతున్న మొక్క శబ్దాలు వినిపిస్తే, ఆడ రెక్కలపురుగులు నిశ్శబ్దంగా ఉన్న మొక్క మీదే ఎక్కువగా గుడ్లు పెట్టాయి. మొక్కలే లేనిచోట మాత్రం శబ్దం వైపే మొగ్గాయి. పురుగులు వింటున్నాయని దీన్నిబట్టి చెప్పవచ్చు కానీ, మొక్క వాటి కోసమే శబ్దం చేస్తోందని రాయడానికి ఇందులో ఏమీ లేదు.