టెస్ట్ రిపోర్ట్ చక్కగా ఉంది, రేటు మరీ తక్కువ: మూలికల సరుకులో కల్తీ ఎలా పట్టుకోవాలి?

చిన్న యూనిట్:
అందరికీ నమస్కారం. మాది మూలికల పొడులు, ఎక్స్‌ట్రాక్టులు కొని క్యాప్సూల్స్ నింపే చిన్న యూనిట్. సొంత ల్యాబ్ లేదు, బయటికే పంపిస్తాం. ఒక కొత్త సప్లయర్ గింకో (ఒక చెట్టు ఆకు) ఎక్స్‌ట్రాక్టు, అశ్వగంధ వేరు పొడి, వేరు ఎక్స్‌ట్రాక్టు మిగతావాళ్లకంటే బాగా తక్కువ రేటుకు ఇస్తున్నాడు. అశ్వగంధ రెండూ ట్రయల్ లాటు వచ్చి స్టోర్‌లో ఉన్నాయి, గింకో ఇంకా శాంపిల్ మాత్రమే. టెస్ట్ రిపోర్టుల్లో వంక పెట్టడానికేం లేదు. మా పార్ట్‌నర్ "సర్టిఫికెట్ ఉంది కదా, నీకెందుకు టెన్షన్" అంటున్నాడు. కానీ నాకు మనసు ఒప్పడం లేదు. అన్ని టెస్టులూ చేయించే స్తోమత లేదు. ఏది చేయిస్తే ఉపయోగం? డీఎన్‌ఏ టెస్ట్ ఒక్కటి చాలంటారా?

క్యూసీ పాతకాపు:
మీ మనసు ఒప్పకపోవడమే మంచిదైంది. కల్తీ చేసేవాడికి మీరు ఏ టెస్ట్ చేయిస్తారో ముందే తెలుసు. ఆ టెస్ట్ పాసయ్యేలాగే సరుకు తయారుచేస్తాడు. ప్రశ్నపత్రం ముందే చేతికందిన పిల్లాడికి నూటికి నూరు రావడంలో వింతేముంది?

మీ గింకోనే చూడండి. ఎక్స్‌ట్రాక్టులో ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు 24 శాతం, టెర్పీన్ లాక్టోన్లు 6 శాతం (రెండూ ఆకులోని సహజ రసాయనాలు) ఉండాలన్నది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్క. ఆ 24 శాతాన్ని మామూలుగా నేరుగా కొలవరు. యాసిడ్‌తో మరిగించి గ్లైకోసైడ్లను విడగొట్టి, బయటికొచ్చిన క్వెర్సెటిన్, కెంఫెరాల్, ఐసోరామ్నెటిన్‌లను కొలిచి, వాటినుంచి వెనక్కి లెక్కకడతారు. ఆ క్వెర్సెటిన్ గింకో ఆకులోంచి వచ్చిందా, చౌకగా దొరికే రుటిన్ (యాసిడ్‌లో ఇదీ క్వెర్సెటిన్ ఇస్తుంది) కలిపితే వచ్చిందా అన్నది ఈ టెస్టుకు తెలియదు. రుటిన్ కలిపినా 24 వస్తుంది. రిపోర్టులో అబద్ధం ఒక్కటీ ఉండదు, సరుకు మాత్రం కల్తీ.

అందుకని ల్యాబ్‌కు "24 శాతం ఉందో లేదో చూడండి" అని రాయకండి. యాసిడ్ వేయకముందు కూడా ఒకసారి హెచ్‌పీఎల్‌సీ (సరుకులోని రసాయనాలను విడివిడిగా వేరుచేసి కొలిచే పద్ధతి) నడపమనండి. విడిగా ఉన్న క్వెర్సెటిన్, రుటిన్ అప్పటికే ఎక్కువగా కనిపిస్తే అనుమానించాలి. జెనిస్టీన్ అనే రసాయనం బయటపడితే సొఫోరా చెట్టు సరుకు కలిపారని అర్థం. గింకో ఆకు ఎక్స్‌ట్రాక్టులో దానికి పనిలేదు.

బిల్‌బెర్రీ ఎక్స్‌ట్రాక్టుకూ ఇదే గతి పట్టింది. రంగు ఎంత గాఢంగా ఉందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూసి మార్కు వేసే రోజుల్లో అమరాంత్ అనే ఎర్రటి కృత్రిమ రంగు కలిపి అమ్మారు. మిషన్‌కు ఎరుపు ఎక్కడిదైనా ఎరుపే. హెచ్‌పీఎల్‌సీలో పెడితే తెలిసిపోతుంది. అంతకంటే తేలిక దారీ ఉంది: అసలు పండు రంగు పీహెచ్ మారితే మారుతుంది, ఆ కృత్రిమ రంగు అలా మారదు. ప్రొటీన్ పౌడర్లలో గ్లైసీన్, టారిన్ లాంటి చౌక అమైనో ఆమ్లాలు కలిపేదీ ఇందుకే. నైట్రోజన్ కొలిచి ప్రొటీన్ అని రాసుకునే పద్ధతి ఉన్నంతకాలం అది నడుస్తుంది. 2008లో చైనాలో పాలల్లో మెలమైన్ కలిపింది కూడా ఆ నైట్రోజన్ లెక్కను మోసం చేయడానికే.

కాబట్టి ముందు చేయాల్సిన పని ల్యాబ్‌లో లేదు, మీ టేబుల్ మీద ఉంది. మీరు కొనే ప్రతి మూలికకూ "దీన్ని దేనితో కల్తీ చేస్తారు" అని ఒక కాగితం రాసుకోండి. అమెరికన్ బొటానికల్ కౌన్సిల్, అమెరికన్ హెర్బల్ ఫార్మకోపియా, మిసిసిపీ విశ్వవిద్యాలయంలోని పరిశోధన కేంద్రం కలిసి నడిపే బొటానికల్ అడల్టరెంట్స్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ వాళ్లు ఒక్కో మూలిక మీదా ఇలాంటి సమాచారం ఉచితంగా ఇస్తారు. ఏ టెస్ట్ ఏ కల్తీని పట్టుకోలేదో కూడా అందులో రాస్తారు. నాకైతే ఆ రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

ఇంటి వైద్యం:
ఇంత ఖర్చు ఎందుకండీ? పొడి మీద రెండు చుక్కలు అయోడిన్ వేస్తే చాలు, నీలం రంగు వస్తే పిండి కలిపినట్టే. ఇవన్నీ మన పెద్దలకు తెలిసినవే.

క్యూసీ పాతకాపు:
అయోడిన్ పిండిపదార్థాన్ని చూపిస్తుంది, అంతవరకు నిజం. కానీ పసుపు కొమ్ములోనూ, అశ్వగంధ వేరులోనూ పుట్టుకతోనే పిండిపదార్థం ఉంటుంది. అచ్చమైన సరుకు కూడా నీలంగా మారుతుంది. ఈ లెక్కన మీరు మంచి సరుకును పారేసి, వేరుకు బదులు చౌక ఆకు దంచిన పొడిని ఉంచుకుంటారు. పసుపులో మెటానిల్ ఎల్లో రంగు ఉంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో గులాబీ రంగు వస్తుంది, అది తొలి వడపోతకు పనికొస్తుంది. పసుపుకు రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్ మాత్రం ఇంటి పరీక్షలకు వదిలేసే విషయం కాదు. అది సీసం. లోహాల టెస్ట్ చేయించాల్సిందే.

చిన్న యూనిట్:
అయితే డీఎన్‌ఏ సంగతి? మా ల్యాబ్ వాళ్లు అదే గట్టిగా చెబుతున్నారు, రిపోర్ట్ కూడా చూడ్డానికి బాగుంటుందట :)

క్యూసీ పాతకాపు:
చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎండిన ఆకు, వేరు, బెరడు ఏ మొక్కదో తేల్చడానికి అది మంచి పద్ధతి. మీ రెండు సరుకుల్లోనూ దాని బలం తక్కువ. గింకో ఎక్స్‌ట్రాక్టు తయారీలో వేడి, ద్రావకాలు, వడపోతల వల్ల డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, లేదా పూర్తిగా పోతుంది. డీఎన్‌ఏ దొరకలేదంటే మొక్క లేదని అర్థం కాదు. 2015లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు పెద్ద దుకాణాల్లోని మూలికల సప్లిమెంట్లను డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌తో పరీక్షించి చాలావాటిలో లేబుల్ మీది మొక్క లేదని ప్రకటించినప్పుడు నిపుణులు లేవనెత్తిన అభ్యంతరం ఇదే.

అశ్వగంధకు ఇంకో చిక్కు. వేరు ఖరీదు, ఆకు చౌక. ఆకులోనూ విథనోలైడ్లు (అశ్వగంధలోని ముఖ్య రసాయనాలు) ఉంటాయి, వాటిలో విథఫెరిన్-ఏ అయితే వేరులోకంటే ఎక్కువ. "మొత్తం విథనోలైడ్లు ఇంత శాతం" అని అడిగితే ఆకు కలిపినవాడు ఇంకా సులువుగా పాసవుతాడు. ఆకుకీ వేరుకీ డీఎన్‌ఏ ఒక్కటే కాబట్టి ఆ టెస్టూ పాసే. మీ పొడిని మైక్రోస్కోప్ కింద పెట్టించండి. పత్రరంధ్రాలు కనిపిస్తే అది వేరు కాదు. ఖర్చు తక్కువ, వాదనకు తావుండదు. ఎక్స్‌ట్రాక్టులో కణజాలం మిగలదు కాబట్టి అక్కడ హెచ్‌పీటీఎల్‌సీ (రసాయనాలను ప్లేటు మీద పట్టీలుగా విడదీసి చూపే పద్ధతి) కావాలి: అసలు వేరు, అసలు ఆకు, మీ సరుకు మూడూ ఒకే ప్లేటు మీద పక్కపక్కన. ఆకులోని ఫ్లేవనాయిడ్ల పట్టీలు మీ సరుకులో కనబడితే సంగతి తేలిపోయినట్టే.

కొనుగోలు విభాగం:
పాతకాపు గారు ల్యాబ్ వైపు నుంచి చెప్పారు, నేను కొనేవాడి వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను.

రేటు దగ్గర కూర్చుని లెక్క వేయండి. గింకో ఎక్స్‌ట్రాక్టు ఒక కిలో రావాలంటే 35 నుంచి 67 కిలోల ఎండాకు కావాలి. 50 కిలోలు అనుకోండి. 50 కిలోల ఆకు ధర, పైన ద్రావకం, కరెంటు, కూలీ, రవాణా వేసుకోండి. మీ సప్లయర్ రేటు ఆకు ఖర్చుకంటే కిందే ఉంటే ల్యాబ్‌కు డబ్బు దండగ, అక్కడే ఆగిపోవచ్చు. ఈ చిన్న లెక్క వేయకుండా సంతకం పెట్టేవాళ్లను చాలామందిని చూశాను, అందులో పెద్ద కంపెనీల వాళ్లూ ఉన్నారు.

టెస్ట్ రిపోర్ట్‌ను కూడా అనుమానంగా చదవాలి. మూడు వేర్వేరు లాట్లకు ఒకే తేమ శాతం, ఒకే బూడిద శాతం వచ్చాయంటే ఎవరో కాపీ కొట్టారు. ప్రకృతి అంత పద్ధతిగా ఉండదు. ఏ పద్ధతిలో కొలిచారో రాయకుండా "పాస్" అని ఉంటే అది రిపోర్టే కాదు. టెస్ట్ చేసిన తేదీ లాట్ తయారైన తేదీకంటే ముందున్న కాగితాలు కూడా వస్తుంటాయి.

ఇక శాంపిల్. సప్లయర్ పంపిన శాంపిల్ సప్లయర్‌కు నచ్చిన శాంపిల్. అసలు లాటు దిగాక మీ మనిషి తీసిందే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం 5 బస్తాల దాకా ప్రతి బస్తాలోంచీ తీయాలి, 6 నుంచి 50 ఉంటే 5 బస్తాల్లోంచి, 50 దాటితే 10 శాతం బస్తాల్లోంచి. ఒక్కో బస్తాలో పైన, మధ్యలో, అడుగున. పైన మంచిది పోసి అడుగున చెత్త నింపడం ఎప్పటినుంచో ఉన్నదే.

వీలైతే పొడి కొనకండి. ముక్కలుగానో మొత్తంగానో కొని మీరే దంచించుకోండి. వేరు వేరులా కనిపిస్తున్నంతసేపు మోసం చేయడం కష్టం.

ల్యాబ్‌ను కూడా ఒకసారి పరీక్షించండి. ఒకే శాంపిల్‌ను రెండు కోడ్‌లతో పంపండి, మీరే కావాలని కల్తీ చేసింది ఇంకొకటి పంపండి. టెస్ట్ చేయకుండానే రిపోర్ట్ టైపు చేసే ల్యాబులు ఉన్నాయి. అవి ఇక్కడే దొరికిపోతాయి.

మందుల షాపు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఏం చెప్పాలి? వాళ్లకు ల్యాబ్ ఎక్కడిది?

క్యూసీ పాతకాపు:
మీ దగ్గరికొచ్చే బాధ వేరే రకం మేడమ్. అక్కడ చౌక మొక్క కలపడంకంటే అసలు మందే కలపడం ప్రమాదం. బరువు తగ్గించే గుళికల్లో సిబుట్రమిన్ (గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన మందు), "మగవారి శక్తి" సరుకులో సిల్డెనఫిల్ (వయాగ్రాలోని మందు), దాని అన్నదమ్ముల్లాంటి రసాయనాలు, కీళ్ల నొప్పుల పొడుల్లో డెక్సామెథసోన్ (స్టెరాయిడ్), డైక్లోఫెనాక్ (నొప్పి మందు). మూలిక వేసుకున్న గంటకే మందులా పనిచేస్తే, అందులో మందే ఉందేమోనని అడగమనండి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు తెలియకుండా సిల్డెనఫిల్ మింగితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కీళ్ల పొడి చాలాకాలంగా వాడుతున్నవాళ్లు దాన్ని ఉన్నపళంగా ఆపకుండా ముందు డాక్టర్‌కు చూపించాలి, అందులో స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే. యూఎస్‌పీ వెరిఫైడ్, ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి బయటి సంస్థల గుర్తు ఉన్నవి కొంత నయం. ఆ గుర్తు నిజమైనదో కాదో ఆ సంస్థల జాబితాలోనే చూసుకోవాలి, డబ్బా మీద ఎవరైనా ముద్రించుకోవచ్చు.

కావాలని చేయకపోయినా మనుషులు బలవుతారు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే క్యాప్సూల్స్‌లో స్టెఫానియా టెట్రాండ్రా అనే చైనా మూలికకు బదులు, కిడ్నీలకు విషమైన అరిస్టలోకియా వచ్చి చేరింది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. 1997లో అమెరికాలో ప్లాంటైన్ (అరటి కాదు, ప్లాంటాగో అనే మూలిక) ఆకులో గుండె మీద పనిచేసే విషపు మొక్క డిజిటాలిస్ ఆకు కలిసి, వాడినవాళ్ల గుండె లయ తప్పింది. రెండు చోట్లా సరుకు ఏ మొక్కదో వాడకముందే తేల్చే టెస్ట్ ఒక్కటి జరిగినా ఇంతదాకా వచ్చేది కాదు.

చిన్న యూనిట్:
అందరికీ థాంక్స్. కొత్త విషయం: మైక్రోస్కోప్ రిపోర్ట్ వచ్చింది. అశ్వగంధ పొడిలో ఆకు కణజాలం ఉందట. ఎక్స్‌ట్రాక్టు హెచ్‌పీటీఎల్‌సీ ఇంకా రాలేదు. గింకో రేటు లెక్క వేశాను, ఆకు ఖర్చుకు కూడా సరిపోవడం లేదు, దాన్ని వదిలేశాం. సప్లయర్‌కు ఫోన్ చేస్తే "పొరపాటైంది సార్, పొడి వెనక్కి పంపండి, వేరే లాటు ఇస్తాను" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. పంపించేయమంటారా?

కొనుగోలు విభాగం:
పంపకండి. మీరు వెనక్కి పంపిన బస్తా అతని గోడౌన్‌లో కుళ్లిపోదు. లేబుల్ మారి ఇంకో చిన్న యూనిట్‌కు వెళ్తుంది, అక్కడ మైక్రోస్కోప్ కింద పెట్టేవాళ్లు ఉండకపోవచ్చు. కొన్నిసార్లు ఇంకో ఏజెంట్ ద్వారా తిరిగి మీ దగ్గరికే వస్తుంది. తిప్పి పంపే అలవాటు ఉన్నంతకాలం కల్తీ చేసేవాడికి నష్టం రవాణా ఖర్చు మాత్రమే.

చిన్న యూనిట్:
డబ్బు సగం కట్టేశాం అన్నా. సరుకు తగలబెడితే ఆ డబ్బు ఎవరిస్తారు?

కొనుగోలు విభాగం:
అది ఆర్డర్ కాగితంలో ముందే రాసుకోవాల్సిన సంగతి తమ్ముడూ. ఈసారికి బేరమాడుకోవాలి. బాగుచేయడానికి వీల్లేని సరుకును తిప్పి పంపకుండా నాశనం చేయడానికి షరతులు ఎలా రాయాలో పాతకాపు గారు చెప్పిన ప్రోగ్రామ్ వాళ్లే నమూనా తయారుచేశారు. సారాంశం ఇది: సరుకు తప్పని తేలితే రెండు వైపులా ఒప్పుకున్న మూడో ల్యాబ్‌లో ఇంకోసారి టెస్ట్, అక్కడా తప్పితే కొన్నవాడి దగ్గరే నాశనం, ఖర్చు, సరుకు డబ్బు అమ్మినవాడివి.

ఇప్పటికి మాత్రం లాటును విడిగా పెట్టి తాళం వేయండి, ఎర్ర లేబుల్ అంటించండి. రెండు శాంపిళ్లు సీల్ వేసి దాచండి, ఒకటి మూడో ల్యాబ్‌కు. రిపోర్ట్ కాపీ సప్లయర్‌కు ఫోన్‌లో చదవకుండా రాతపూర్వకంగా పంపండి. మిగతా సగం డబ్బు అది తేలేవరకు ఆపండి. నాశనం చేసే రోజున తూకం, లాట్ నంబర్, ఫొటోలు, ఇద్దరి సంతకాలు తీసుకోండి, లేకపోతే మీరే బయట అమ్ముకున్నారని అతనంటాడు.

క్యూసీ పాతకాపు:
మూడో ల్యాబ్‌కు పంపేటప్పుడు "అశ్వగంధ అవునా కాదా" అని మాత్రం అడగకండి. అవుననే వస్తుంది. "ఆకు ఉందా" అని అడగండి.