‘గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్’: ఈ మాటను ఎవరి గొంతులో వినాలి?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నన్నయ ఆదిపర్వంలోని ఈ కందపద్యం మనలో చాలామందికి కంఠస్థమే.

మతిఁ దలఁపఁగ సంసారం
బతిచంచల మెండమావులట్టుల సంపత్
ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్

చివరి పాదం ఏనాడో పద్యం నుంచి విడిపోయి లోకోక్తి అయింది. బియ్యం ధర పెరిగినా, మనవడు మాట వినకపోయినా, ఎవరైనా పాత పాటల ఊసెత్తినా ఈ పాదం వినబడుతుంది. ఆ వాడుకలో ఇది వయసు మళ్లినవారి నిట్టూర్పు మాత్రమే. కథలు రాయడం అభ్యసిస్తున్న నాకు మాత్రం ఇందులో నిట్టూర్పుకంటె కథకుని హెచ్చరిక ఎక్కువగా వినిపిస్తున్నది. అలా వినిపించడానికి కారణం ఒక టీవీ ధారావాహిక కనుక, ముందుగా దాని సంగతి చెబుతాను.

బి.ఆర్. చోప్రా నిర్మించిన హిందీ ‘మహాభారత్’ 1988 అక్టోబరు నుంచి 1990 దాకా ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో 94 భాగాలుగా వచ్చింది. హిందీ సరిగా రాని తెలుగు ఇళ్లలోనూ దానిని కదలకుండా కూర్చుని చూశారు. రచన రాహీ మాసూమ్ రజాది. అందులో కథ చెప్పేది వ్యాసుడు కాడు, వైశంపాయనుడు కాడు, సూతుడూ కాడు. ‘మైఁ సమయ్ హూఁ’ (నేను కాలాన్ని) అంటూ సాక్షాత్తు కాలమే కథ చెబుతుంది. ఆ పాత్రకు ముఖం లేదు, తెర మీద తిరిగే చక్రమూ హరీష్ భిమానీ గొంతూ తప్ప. జరిగినదీ జరగబోయేదీ తెలిసిన ఆ గొంతు, తెలిసినదానిని దాచిపెట్టదు. మొదటి భాగాన్నే గమనించండి. శంతనునికంటె ముందు, భరత చక్రవర్తి తన కొడుకులను కాదని భుమన్యుని యువరాజుగా ప్రకటించే ఘట్టంతో కథ మొదలవుతుంది. సింహాసనం పుట్టుకకా, యోగ్యతకా అన్న ప్రశ్న, దానికోసం కొట్టుకు చావబోయే వారెవరూ ఇంకా పుట్టకముందే మన ముందు నిలుస్తుంది. ఆ తరువాత వచ్చే ప్రతి పట్టాభిషేకాన్నీ, ప్రతి ప్రతిజ్ఞనూ ఆ ప్రశ్న వెలుగులోనే చూస్తాం.

ఇప్పుడు పద్యం దగ్గరకు వస్తాను. పాండురాజు మరణించాడు, మాద్రి సహగమనం చేసింది, కుంతి ఐదుగురు పిల్లలతో హస్తినాపురం చేరింది. ఆ దుఃఖంలో ఉన్న సత్యవతితో వ్యాసుడు ఈ మాట అంటాడు. అంటున్నవాడు ఆమెకు కన్నకొడుకు, ఆ పిల్లలకు తాత, పైగా ఈ కథకంతటికీ కర్త. లక్క ఇల్లు కట్టలేదు, జూదం ఆడలేదు, ఇంకా ఏమీ జరగలేదు. అయినా ‘ఇకముందు వచ్చేది ఇంతకంటె ఘోరం’ అని, రాబోయేదంతా తెలిసినవాడు తల్లికి చెబుతున్నాడు. కనుక ఈ పాదంలో బరువంతా ‘గతకాలము’ మీద కాక ‘వచ్చుకాలము’ మీద ఉన్నదని నా అభిప్రాయం. ధారావాహికలో కాలం చేసే పనిని ఇక్కడ నన్నయ వ్యాసుని చేత చేయిస్తున్నాడనడం సమంజసమేనా? పెద్దలు చెప్పగలరు.

ఒక సభ్యుని సమాధానం:

మీ అన్వయం సమంజసమే. దానికి వ్యాకరణం నుంచి ఒక ఆధారం, మూలం నుంచి మరొకటి చూపుతాను.

‘వచ్చు’ ఇక్కడ తద్ధర్మార్థక విశేషణం, అంటే స్వభావాన్ని తెలిపే క్రియారూపం. ‘వచ్చిన’ భూతకాలానిది, ‘వచ్చుచున్న’ వర్తమానానిది. ‘వచ్చు’ మాత్రం ఒక కాలానికి కట్టుబడని స్వభావాన్ని చెబుతుంది. సందర్భాన్నిబట్టి భవిష్యత్తును సూచిస్తుంది. నేటి వాడుకలోని ‘రాబోయే కాలం’లో ఒక ఊహ, ఒక ఎదురుచూపు ఉన్నాయి. ‘వచ్చుకాలము’ అన్నప్పుడు ఆ సందేహం వినిపించదు. తెల్లవారడం ఎంత నిశ్చయమో ఆ రాక అంత నిశ్చయం. అన్నీ తెలిసిన కథకుని నోట ఇంతకంటె తగిన రూపం ఉండదు. పైగా ‘గతకాలము’ సంస్కృత సమాసం, ముగిసి గట్టిపడిన మాట. ‘వచ్చుకాలము’లోని క్రియ తెలుగుది, ఇంకా కదులుతున్నది. నన్నయ దీనిని ఉద్దేశించి చేశాడని వాదించను. కందంలో ఆరవ గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి కాబట్టి ‘లు వచ్చు’ అక్కడ చక్కగా ఇమిడిందని కూడా అనవచ్చు. అయితే మంచి కవి విషయంలో ఛందస్సు అవసరాన్నీ అర్థం అవసరాన్నీ విడదీయడం తేలిక కాదు.

మూలమైన సంస్కృత భారతంలో ఇదే చోట ‘అతిక్రాంతసుఖాః కాలాః’ (సుఖాలు గడిచిపోయిన కాలాలు) అని మొదలై, ‘పృథివీ గతయౌవనా’ అని శ్లోకం ముగుస్తుంది. భూమికి యౌవనం గడిచిపోయిందట! అంతటి మాటను నన్నయ వదులుకున్నాడు. దాని స్థానంలో ఎండమావులను తెచ్చాడు, సంపదల క్షణికత్వాన్ని చెప్పాడు, చివరకు రెండు కాలాలను త్రాసులో పెట్టినట్టు ఒక్క పాదంలో ఇమిడ్చాడు. ముసలిదైన భూమి మన కళ్లకు కడుతుంది గాని నోటికి రాదు. త్రాసు నోటికి వచ్చింది, అందుకే లోకోక్తి అయింది.

మరొక సభ్యురాలి సందేహం:

లోకోక్తి ఒకసారి లోకానిదయ్యాక దానిని మళ్లీ సత్యవతి ముంగిటికి తీసుకుపోవడం ఎంతవరకు అవసరం? వాడుకకు కూడా ప్రామాణ్యం ఉంది. మరో సందేహం కథన పద్ధతికి సంబంధించినది. జరగబోయేది ముందే చెప్పేస్తే పాఠకునికి ఇక ఉత్కంఠ ఏముంటుంది? భారతం అందరికీ తెలిసిన కథ కనుక ధారావాహికలో అది చెల్లింది. మీరు రాసే కొత్త కథలో అది ఎలా చెల్లుతుంది? ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ధారావాహికలో కాలం కొన్నిచోట్ల మరీ ఎక్కువగా మాట్లాడుతుంది. దృశ్యం చూపించినదానికే మళ్లీ నీతి చెబుతుంది.

ప్రశ్న వేసినవారి మాట:

చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, అమ్మా. భిమానీ గారి గొంతులోని గాంభీర్యం వల్ల ఆ ఉపన్యాసాలు వినగలిగాం గాని, కాగితం మీద అవి నిలవవు. కాలం ముందుచూపు మాత్రమే నేను తీసుకోదలచినది, దాని ధర్మబోధ కాదు.

ఉత్కంఠ విషయంలో వ్యాసభారతంలోనే సమాధానం ఉందనుకుంటాను. యుద్ధపర్వాలలో సంజయుడు కథ చెప్పే తీరు చూడండి. భీష్ముడు పడిపోయాడన్న వార్తతో అతడు ధృతరాష్ట్రుని దగ్గరకు వస్తాడు. ఫలితం ముందు, పోరాటం తరువాత. ఆ వార్తకు కుప్పకూలిన ముసలిరాజు, అంతటివాడు ఎలా పడ్డాడో చెప్పమని ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. అప్పుడు గాని పది రోజుల యుద్ధం మొదలు కాదు. ద్రోణ, కర్ణ పర్వాలలోనూ ఇదే వరుస. ‘ఏమవుతుంది’ అన్న ఉత్కంఠను తీసివేసి, ‘ఎలా అయింది’ అన్న ఉత్కంఠను ఆ స్థానంలో పెట్టడం ఇది. హరికథకూ బుర్రకథకూ వచ్చి కూర్చునే జనం ముగింపు తెలియక వచ్చేవారు కారు కదా.

సంజయుడు, వ్యాసుడు, ధారావాహికలోని కాలం: ఈ ముగ్గురూ కథకు ఎంత దూరంలో నిలబడ్డారన్నదానిలో తేడా కూడా ఉంది. సంజయునికి జరిగినది తెలుసు, వింటున్నవాడు ఆ చచ్చినవారి తండ్రి. అందుకే అతని మాటలో జంకు, కొన్నిచోట్ల నిష్ఠురం. వ్యాసునికి జరగబోయేది తెలుసు. కనీసం తల్లినైనా ఆ ఘోరం చూడకుండా తప్పించి కోడళ్లతోపాటు అడవికి పంపగలిగాడు. ధారావాహికలోని కాలానికి అంతా తెలుసు, కానీ ఒక్కరినీ తప్పించలేదు. గీత పదకొండవ అధ్యాయంలో కృష్ణుడు ‘కాలోఽస్మి’ (కాలాన్ని నేను) అన్నప్పుడు ఆ కాలం లోకాలను మింగేది. రజా రాసిన ‘మైఁ సమయ్ హూఁ’లో కాలం చేతులు కట్టుకుని చూసే సాక్షి. ఇంచుమించు ఒకే వాక్యం, ఒకచోట సంహర్త, మరొకచోట సాక్షి. కొత్త కథ రాసేవారికి నేర్చుకోదగినది ఈ రెండవ కాలం దగ్గరే ఎక్కువ అని నా నమ్మకం, ఎందుకంటే పాత్రలను కాపాడలేని కథకుడు వారిని మరింత శ్రద్ధగా చూస్తాడు.

నా కథ సంగతి అడిగారు కనుక చెబుతాను. చీరాల దగ్గర ఒక నేత ఇల్లు. ఇంటిలో గుంట మగ్గం, పెరట్లో ఆసు పోసుకునే చోటు, నడవలో బంధువులు. పెళ్లి జరుగుతున్నది. కథ చివర ఆ ఇల్లు అమ్ముడవుతుంది. ఆ సంగతిని చివరిదాకా దాచి పాఠకుని ఉలిక్కిపడేలా చేయడం ఒక దారి. నేను పట్టిన దారి వేరు. ‘ఆ ఇంట్లో జరిగిన చివరి పెళ్లి అదే’ అన్నది మొదటి వాక్యం. ‘చివరి’ అన్న ఒక్క మాట చాలు, ఇక కాలం కనబడి ఉపన్యసించనక్కరలేదు. ఆ తరువాత మగ్గం గుంట మీద పలకలు పరచి, పైన జంపఖానా వేసి వియ్యాలవారిని కూర్చోబెట్టారని మామూలుగా రాసినా, పాఠకుడు ఆ పలకల కిందికి చూస్తాడు. ‘గతకాలము మేలు’ అని ఏ పాత్ర చేతా అనిపించలేదు.

లోకోక్తికి వాడుకే ప్రమాణమన్న మీ మాటను కాదనను. నిట్టూర్పుగా వాడేవారు వాడుకోవచ్చు. పద్యాన్ని పద్యంగా చదివేటప్పుడు మాత్రం అది కొడుకు తల్లితో చెప్పిన మాట అని గుర్తుంచుకుంటే, ‘మేలు’ అన్న పదంలో పొగడ్త కాక జాలి వినిపిస్తుంది.

మొదటి సమాధానం ఇచ్చిన సభ్యుడు:

జాలి అన్న మాట బాగుంది, నేనూ ఒప్పుకుంటాను. మీ మొదటి వాక్యం గురించి ఒక సూచన. ‘అదే’ అన్నప్పుడు కథకుడు వేలు పెట్టి చూపుతున్నాడు, మీరు వద్దనుకున్న ఉపన్యాసం ఆ ఏకారంలో కొంత మిగిలింది. ‘ఆ ఇంట్లో జరిగిన చివరి పెళ్లి మా మేనత్తది’ అని చూడండి. అప్పుడు వాక్యం పైకి పెళ్లికూతురిని పరిచయం చేస్తున్నట్టే ఉంటుంది, ‘చివరి’ విశేషణంగా ఒదిగిపోయి తన పని తాను చేసుకుంటుంది. కథ ‘నేను’ అని కాక ‘ఆమె’, ‘అతడు’ అంటూ ప్రథమ పురుషలో నడుస్తున్నదైతే మేనత్తకు బదులు పేరు వేసుకోండి. తక్కిన వాక్యం మార్చనక్కరలేదు.