ఒకే కిటికీ ఉన్న షెడ్డులో నాన్న పని చేస్తుంటే ఫొటోలు తీయాలి, ఏ డీఎస్ఎల్ఆర్ తీసుకోను?

చిత్రిక:
మా నాన్నకి 74 ఏళ్లు. వడ్రంగి. ఇప్పటికీ రోజూ పొద్దున రెండు గంటలు షెడ్డులో కూర్చుని ఏదో ఒకటి చెక్కుతారు. ఈమధ్య కుడి చెయ్యి వణుకుతోంది. ఇంకెన్నాళ్లు ఉలి పట్టగలరో తెలీదు. ఆయన చేతులు, పనిలో ఉన్నప్పటి ముఖం ఫొటోలు తీసి దాచుకోవాలని ఉంది.

షెడ్డుకి ఒకటే కిటికీ. ఫోన్‌తో తీస్తే చేతులు అలికినట్టు వస్తున్నాయి. చిత్రిక పట్టేటప్పుడు లేచే చెక్క పొట్టు అసలు కనబడదు. నికాన్ డీ3500, డీ5600, కెనన్ 200డీ చూశాను. మూడూ 24 మెగాపిక్సెళ్లే. ఏది తీసుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) కాకపోతే చీకట్లో పనికిరాదని ఒకరన్నారు. నా బడ్జెట్ అంత లేదు. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు.

కిటికీవెలుగు:
ఫోన్‌లో అలికినట్టు వచ్చిన ఫొటో ఒకటి తెరిచి వివరాలు చూడండి. షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చిన సమయం), ఐఎస్ఓ (ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచిందో), ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు) ఉంటాయి. అవి ఇక్కడ పెట్టండి. ఏ బాడీ (లెన్స్ కాక మిగతా కెమెరా) అన్నది తర్వాత చూద్దాం.

చిత్రిక:
1/25, ఐఎస్ఓ 1000, ఎఫ్/1.8.

కిటికీవెలుగు:
మీ షెడ్డులో ఎంత వెలుతురుందో ఆ మూడు అంకెలే చెప్పేశాయి. కదిలే చేతికి సెకనులో 25వ వంతు వేగం చాలదు, ఆలోపే చెయ్యి కదిలిపోతుంది. ఈ మూడు కెమెరాల్లో ఏదైనా ఐఎస్ఓ 6400 దాకా పెట్టొచ్చు, కొంచెం గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు నలుసులు) వస్తుంది కానీ ముఖం ముఖంలా ఉంటుంది. ఎఫ్/1.8 లెన్స్ వేసి 6400 పెడితే అదే వెలుతురులో 1/160 దొరుకుతుంది. బాడీతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ని 55కి జూమ్ చేస్తే ఎపర్చర్ ఎఫ్/5.6 మించి తెరుచుకోదు. అప్పుడు అదే 6400 దగ్గర మీకు మిగిలేది సుమారు 1/16. అంటే ఫోన్ కంటే నెమ్మది! కొత్త కెమెరా కొన్నా చేతులు మళ్లీ అలికినట్టే వస్తాయి.

ఫుల్ ఫ్రేమ్ మాట. ఆ సెన్సర్ (వెలుతురును పట్టే చిప్) 36×24 మిల్లీమీటర్లు, మీరు చూసిన నికాన్లలో ఉండే చిన్న సెన్సర్, అంటే క్రాప్ సెన్సర్, సుమారు 23.5×15.6. వైశాల్యంలో తేడా రెండున్నర రెట్ల లోపే. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి మారితే వెలుతురు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో మీరే చూడండి.

నేను మొదటి కెమెరా కొన్నాక రెండేళ్లు కిట్ లెన్స్‌తోనే ఉన్నాను. మా అమ్మ మిషన్ కుడుతుండగా తీసినవన్నీ ఫ్లాష్ ఫొటోలే, ముఖం తెల్లగా పాలిపోయి, వెనక అంతా నల్లగా. అమ్మ ఇప్పుడు లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఒక్క సంగతి చెప్పండి. నాన్నగారు నిలబడి చేస్తారా, కూర్చునా? మీరు ఎంత దూరంలో ఉంటారు?

చిత్రిక:
నేల మీద కూర్చునే చెక్కుతారు. నేనూ ఎదురుగా కూర్చుంటాను. రెండు మీటర్లు ఉంటుందేమో, వెనక గోడ.

కిటికీవెలుగు:
అయితే 35 ఎంఎం లెన్స్. ఈ అంకె తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ మేర పడుతుంది. రెండు మీటర్ల నుంచి నికాన్ క్రాప్ బాడీ మీద 35తో అడ్డంగా 1.3 మీటర్ల పైచిలుకు పడుతుంది, మనిషీ పనిముట్లూ సరిపోతాయి. కెనన్ మీద చవకైన 50 ఎంఎం ఎఫ్/1.8తో 90 సెంటీమీటర్లే. వెనక్కి జరుగుదామంటే మీకు గోడ అడ్డం.

కెనన్ 200డీలో ఒక గొప్ప సంగతి ఉంది. స్క్రీన్ చూస్తూ తీసినా ఫోకస్ చకచకా పడుతుంది. నికాన్ రెండిట్లో అలా తీస్తే నెమ్మది. మీరు ఆయన ఎదురుగానే కూర్చుంటారు కాబట్టి వ్యూఫైండర్‌లోంచే (కన్ను ఆనించి చూసే చోటు) చూడొచ్చు, ఆ అవసరం రాదు. నికాన్ ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ తీసుకోండి. ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకోండి, అంటే ఫోకస్ మోటర్ లెన్స్‌లోనే ఉందని. డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు, పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చెయ్యవు.

పాతలెన్స్:
అది చెక్క పొట్టు ఎగిరే చోటు. లెన్స్ అక్కడ మార్చొద్దు, ఇంట్లోనే 35 తగిలించుకుని వెళ్లండి. పొట్టు లోపలికి పోయి సెన్సర్ మీద కూర్చుంటే ప్రతి ఫొటోలో మచ్చే. డీ5600లో సెన్సర్‌ని అదిలించి దుమ్ము దులిపే ఏర్పాటు ఉంది, డీ3500లో లేదు. నేనైతే డీ5600 అంటాను.

కెనన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. అంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) వైపు వెళ్లారు. అందువల్ల సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతున్నాయి. కొనేముందు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో) అడగండి. లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి, సాలెగూడు లాంటి గీతలుంటే ఫంగస్, వదిలెయ్యండి.

ఇంకోటి, ఫొటో తీసినప్పుడల్లా డీఎస్ఎల్ఆర్ లోపలి అద్దం లేచిపడే చప్పుడు చిన్న షెడ్డులో గట్టిగానే వినబడుతుంది. క్వైట్ మోడ్ పెట్టుకోండి.

చిత్రిక:
కొనకముందే రాస్తున్నాను. ఫ్రెండ్ దగ్గర డీ5600, 35 ఎంఎం ఉంటే ఆదివారం తెచ్చి కూర్చున్నాను. 92 తీశాను. మొదట్లో చప్పుడైనప్పుడల్లా నాన్న తలెత్తి చూశారు, పావుగంటకి నన్ను మర్చిపోయారు. చాలావాటిలో వేళ్ల కొసలు ఇంకా కదిలాయి. కానీ ఒకదాంట్లో పొట్టు చుట్ట చుట్టుకుని చిత్రిక మీంచి లేస్తోంది, బొటనవేలి గోరు మీద పాత దెబ్బ మచ్చ కూడా స్పష్టంగా ఉంది. నాన్నకి చూపిస్తే చాలాసేపు చూసి, "పట్టు కాస్త వంకరగా ఉంది, రేపు సరిగ్గా పట్టుకుంటా, మళ్లీ తియ్యి" అన్నారు.

ఇదే తీసుకుంటున్నాను. ముఖం ఒక పక్క పసుపుగా ఎందుకొస్తోంది?

కిటికీవెలుగు:
లోపల బల్బు వెలుగుతోందా? ఆపేయండి. కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిస్తే రంగు అలాగే పాడవుతుంది. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్) తీయండి, రంగు తర్వాత సరిచేసుకోవచ్చు.

వేళ్ల కొసల సంగతి. చిత్రిక చివరి దాకా తోసి వెనక్కి లాగేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, 1/160కి ఆ ఆగడం చాలు. రెండు మూడు సార్లు ఊరికే చూస్తూ కూర్చోండి, ఆయన లయ మీకు పట్టుబడుతుంది. అప్పుడు నొక్కండి.