అప్‌డేట్: ఉప్పాడ ఇంటి వెనక గోడ సంగతి

కాకినాడ దగ్గర ఉప్పాడలో మా ఇంటి వెనక ఒడ్డుని సముద్రం కోసేస్తోంది, అటువైపు కాంక్రీట్ గోడ కట్టాలా అని వేసవిలో ఇక్కడ అడిగాను కదా, కట్టలేదు. వద్దన్నవాళ్లకి థాంక్స్. పక్కవాళ్లు కట్టారు. వానాకాలం అలలు గోడ మొదట్లో ఇసుక తవ్వేసి, గోడ ముందుకి ఒరిగిపోయింది. పైగా దాని చివర నుంచి మళ్లిన నీళ్లు మా దొడ్డి మూల కోసేశాయి. జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు), బండరాళ్లు పేర్చిన పెద్ద గట్టే ఉప్పాడలో నిలవలేదు, మన నాలుగడుగుల గోడ ఎంత!

ఇసుకని పట్టి ఉంచే రావణాసురుడి మీసాలు అనే గడ్డి నాటమన్నారు ఒకరు. నాటాం. అమావాస్య పోటుకే కొట్టుకుపోయాయి. ఆ గడ్డికి ముందు ఇసుక మేట ఉండాలట, మాకు అదే లేదు.

గోడ డబ్బుతో రోడ్డుకి అవతల రెండు గదులు వేస్తున్నాం, పునాది మూడడుగులు ఎత్తి. ముందు జామ్‌దానీ చీరలు నేసే మగ్గం అక్కడికి మారుస్తాం. మొన్న మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో మడమ లోతు ఉప్పునీరు ఊరింది. అమ్మమ్మ మాత్రం ఇంకా కదలనంటోంది.