నయీముద్దీన్ గారి పాత పేపర్ కటింగ్స్ ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మన హైదరాబాదీ ఫుట్‌బాల్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ గారి గురించి కాస్త సాయం కావాలి. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం తెచ్చిన ఇండియా టీమ్‌కి ఆయనే కెప్టెన్, తర్వాత అదే ఇండియా టీమ్‌కి కోచ్ కూడా అయ్యారు. ఆటగాడిగా అర్జున అవార్డు, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య అవార్డు, రెండూ ఆయనకి వచ్చాయి!

మా నాన్నగారు ఆయన ఆట గురించి దాచిన కటింగ్స్ ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి, మొన్న ఇల్లు మారేటప్పుడు తీస్తే చెదలు తినేసి జపాన్ మ్యాచ్ ముక్కలో స్కోరు, సగం హెడ్డింగ్ మాత్రమే మిగిలాయి. అది చూసి నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో 1970 డిసెంబర్ పేపర్లు చూడనిస్తారా? ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చా, పర్మిషన్ లెటర్ కావాలా? ఆయన డిఫెన్స్ ఆట, కోల్‌కతా క్లబ్బుల రోజులు గుర్తున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే రెండు ముక్కలు రాయండి, నాన్నకి చదివి వినిపిస్తాను.