లాయరు తప్పు ఖైదీ నెత్తినేనా? (బారీ జోన్స్ కేసు)

చాండ్లర్_చిన్నోడు:
మా అరిజోనా కేసు ఇది. 1994లో టూసాన్‌లో నాలుగేళ్ల పాప కడుపులో దెబ్బలు తగిలి చనిపోయింది. వాళ్లమ్మతో కలిసి ఉంటున్న బారీ జోన్స్‌కి మరణశిక్ష పడింది. పాప అతని దగ్గర ఉన్న మధ్యాహ్నమే ఆ దెబ్బలు తగిలాయని ప్రాసిక్యూషన్ వాదన. నిజంగా అప్పుడే తగిలాయా అని ట్రయల్ లాయరు సరిగా ఆరా తీయించలేదు. తర్వాత వచ్చిన రెండో లాయరు రాష్ట్ర కోర్టులో ఆ మాటే ఎత్తలేదు. 2018లో ఫెడరల్ జడ్జి హేబియస్ పిటిషన్‌లో డాక్టర్ల సాక్ష్యం విని శిక్ష కొట్టేశారు. 2022లో సుప్రీంకోర్టు 6-3తో దాన్ని తిప్పేసింది. రాష్ట్ర కోర్టు రికార్డులో లేని సాక్ష్యం ఫెడరల్ జడ్జి చూడకూడదట. ఇదేం న్యాయం?

డల్లాస్_బాబాయ్:
1996లో క్లింటన్ సంతకం పెట్టిన చట్టంలో అలాగే ఉంది. జడ్జీలు చట్టం చూస్తారు, మన జాలి కాదు. అయినా 2023లో అతనే నేరం ఒప్పుకున్నాడుగా. ఇంకేం చర్చ?

గోదారి_గట్టు:
హేబియస్ కార్పస్ అంటే పోలీసులు ఎత్తుకెళ్లిన మనిషిని చూపించమని హైకోర్టులో వేసేది కదండీ?

చాండ్లర్_చిన్నోడు:
ఆ రిట్టేనండీ. ఇక్కడ శిక్ష పడ్డవాళ్లు కూడా, నన్ను లోపల ఉంచడం రాజ్యాంగ విరుద్ధం అని వేస్తారు.
బాబాయ్ గారూ, ఏం ఒప్పుకున్నాడో చూశారా? పాపని ఆస్పత్రికి తీసుకెళ్లనందుకు సెకండ్ డిగ్రీ మర్డర్. శిక్ష 25 ఏళ్లు. అప్పటికే 29 ఏళ్లు లోపలున్నాడు. ఆ ఒప్పందం మీద సంతకం పెడితే ఇల్లు, పెట్టకపోతే జైలు. మీరైతే పెట్టరా?

డల్లాస్_బాబాయ్:
సెకండ్ డిగ్రీ అయినా మర్డరే. ఒప్పుకున్నాడా, లేదా?

పునుగుల_పొట్లం:
ఒప్పుకున్నాడా లేదా, ఒప్పుకున్నాడా లేదా... రేపు పొద్దున వస్తా.

చాండ్లర్_చిన్నోడు:
నా సంగతి చెప్తా. మా లాయరు నా వీసా ఎక్స్‌టెన్షన్ గడువు దాటబెట్టాడు. ఆయన సారీ అని ఈమెయిల్ పెట్టాడు, నేను పెట్టె సర్దుకున్నాను. నాకు పోయింది ఉద్యోగం. ఇక్కడ పోయేది ప్రాణం.

డల్లాస్_బాబాయ్:
వీసా గొడవా, పాప చావూ ఒకటేనా? వర్జీనియాలో రోజర్ కోల్మన్ అని హత్య కేసులో మరణశిక్ష పడ్డవాడు ఉండేవాడు. లాయర్లు రాష్ట్రంలో అప్పీలు 3 రోజులు ఆలస్యం చేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆ తప్పు అతని ఖాతాలోనే వేసింది. నిర్దోషి నిర్దోషి అని గోల చేశారు. 1992లో శిక్ష అమలైంది. 2006లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే వాడే అని తేలింది. అప్పుడు గోల చేసినవాళ్లంతా ఎక్కడికి పోయారు?

లా_లక్ష్మి:
బాబాయ్ గారూ, 1991లో కోర్టుకి ఆ డీఎన్‌ఏ ఫలితం తెలీదు. అది చూసింది 3 రోజుల ఆలస్యమే. లెక్క చేయకుండా జవాబు రాస్తే, అది కలిసొచ్చినా మాస్టారు మార్కులు వేస్తారా? 2012లో ఇంకో అరిజోనా కేసులోనే, రెండో లాయరు కూడా చేతకానివాడైతే ఫెడరల్ కోర్టుకి రావచ్చు అన్నారు. 2022లో, రా గానీ కొత్త కాగితం ఒక్కటి కూడా తేకు అన్నారు. ఇక వచ్చి ఏం చేస్తాడు?

చాండ్లర్_చిన్నోడు:
ఈయనకి చెప్పి లాభం లేదు లక్ష్మిగారూ. ఎవడో ఒకడు చస్తే చాలు, ఈయనకి తృప్తి.

డల్లాస్_బాబాయ్:
నోరు అదుపులో పెట్టుకో. మా బావమరిదిని స్టోర్ కౌంటర్ దగ్గర కాల్చి చంపారు. చంపినవాడు పిటిషన్ వేసిన ప్రతిసారీ మా అత్తగారికి ఉత్తరం వస్తుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేనే చదివి చెప్పాలి. చదివిన ప్రతిసారీ ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టదు. ఆ జోన్స్ ఎవడో నాకెందుకు? ఆ ఉత్తరాలు ఎప్పుడు ఆగుతాయో చెప్పు.

చాండ్లర్_చిన్నోడు:
నాకు తెలీదు బాబాయ్ గారూ. ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

లా_లక్ష్మి:
ఆ డాక్టర్ల మాట 1995లో ట్రయల్ అప్పుడే కోర్టులో వినిపించి ఉంటే ఆ పాప వాళ్లకీ ఇన్నేళ్లు ఇన్ని ఉత్తరాలు వచ్చేవి కావు కదండీ. మొదటి లాయరు సరైనవాడైతే అక్కడితో అయిపోయేది.

డల్లాస్_బాబాయ్:
అయ్యుండొచ్చమ్మా. మొన్న ఇంకో ఉత్తరం వచ్చింది, ఇంకా చదివి చెప్పలేదు. అది చెప్పేటప్పుడు ఈ మాట కూడా ఆవిడకి చెప్పమంటావా?