కౌన్సిల్‌ను మండలి అనాలా, సభ అనాలా, సంగీతి అనాలా?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. గ్రూప్-2కి చదువుతున్న మా తమ్ముడికి, వాడి దోస్తులకు పాలిటీ, చరిత్ర నోట్స్ తెలుగులో రాసిస్తున్నా. ‘కౌన్సిల్’ దగ్గర బండి ఆగింది.

పాలిటీలో పెద్ద ఇబ్బంది లేదు. శాసన మండలి, మంత్రిమండలి, భద్రతా మండలి అని పేపర్లు ఎప్పుడో అలవాటు చేశాయి. కానీ రాజ్యసభ ఇంగ్లిష్ పేరు కూడా కౌన్సిల్ ఆఫ్ స్టేట్సే, అక్కడ మాత్రం సభ అయింది. మన కార్పొరేషన్‌లో జరిగేదాన్ని అందరూ కౌన్సిల్ మీటింగ్ అనే అంటారు, దాని జోలికి నేను పోను.

అసలు చిక్కు మతాల దగ్గర. రాజగృహంలో జరిగిన తొలి బౌద్ధ కౌన్సిల్‌ను సంగీతి అంటారు. భిక్షువులు కూర్చుని బుద్ధుడి బోధనలను కలిసి వల్లించారు కాబట్టి ఆ మాట చక్కగా అతికింది. మరి 325లో నైసియాలో క్రైస్తవ బిషప్పులు కూడినదాన్ని, 1962 నుంచి 1965 వరకు జరిగిన క్యాథలిక్ చర్చి రెండో వాటికన్ కౌన్సిల్‌ను ఏమనాలి? మండలి అంటే ఎప్పుడూ ఉండే సంస్థ అనిపిస్తుంది. ఇవేమో పని కోసం కూడి, అయిపోగానే విడిపోయినవి. అందుకని ప్రస్తుతానికి మహాసభ అని రాశాను. అంతలో సినడ్, అంటే చర్చి పెద్దలు కూడి చర్చించేది, వచ్చి పడింది. 1965లో ఆరో పౌలు పోపు ఏర్పాటు చేసిన బిషప్పుల సినడ్ శాశ్వత సంస్థే, కానీ కూడేది అప్పుడప్పుడే. దాన్ని మండలి అనాలా, సభ అనాలా? టెన్షన్ డబుల్.

ఫాతిమానగర్ చర్చికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ పుస్తకాల్లో, ప్రసంగాల్లో ఏ మాట వాడతారో చెప్పండి. తెలుగు మీడియంలో గ్రూప్స్ రాసినవాళ్లు కూడా ప్రశ్నపత్రంలో ఏం చూశారో చెప్తే మేలు. ఇంగ్లిష్ మాటే ఉంచేయమని మాత్రం అనకండి, అది మా తమ్ముడు ముందే చెప్పేశాడు.